సరంగు గారి ఇల్లు

మెదకు పట్టణానికి సముద్రం చాలా దూరం. అయినా మా వైపు సముద్రాలకు లోటు లేదు. పెద్ద చెరువు తవ్వించి దానికి సముద్రమని పేరు పెట్టడం కాకతీయుల నాటినుండి ఉన్న ఆచారం. ఆ చెరువులను చూస్తూ పెరిగిన నేను, ఉప్పునీటి సముద్రాన్ని మొదటిసారి చూచినది విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో. అటువంటి మా వంశంలో ఓడ నడిపిన మనిషి ఒకడున్నాడని తెలిసిన వైనమే నేటి నా ప్రసంగం.

మా ఇంటిపేరు వేరు. కాని పేటలోని పాతవారు మా ఇంటిని ‘సరంగు గారి ఇల్లు’ అంటారు. దీనికి మా నాన్నగారు ఒక కథ చెప్పేవారు. పూర్వం మా వంశంలో ఒక సారంగీ విద్వాంసుడుండేవాడట. ఒక నవాబు గారి కొలువులో వాయించి, మెప్పు పొంది, మెదకులో ఇల్లు బహుమానంగా పుచ్చుకున్నాడట. సారంగీ అన్న మాట జనుల నోట నలిగి సరంగు అయినదట. ఈ కథ మీది మమకారంతో నాన్నగారు హైదరాబాదులో, పాత సామాను దుకాణంలో, తీగలు తెగిన సారంగీ ఒకటి కొని తెచ్చి నడవలో మేకుకు తగిలించారు. ఇంటికి వచ్చినవారందరికీ దానిని చూపేవారు. అది మా పూర్వికునిదని ఆయన ఎన్నడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

నాన్నగారు కాలం చేసిన తరువాత గయలో పిండప్రదానానికి వెళ్లాను. గయలోని పండాల వద్ద యాత్రికుల వంశావళి పుస్తకాలుంటాయని మీలో చాలామందికి తెలుసు. ఊరి పేరు చెబితే ఎర్రగుడ్డలో చుట్టిన వహీని తెచ్చి విప్పుతారు. వచ్చిన ప్రతి యాత్రికుడూ తన పేరు, తండ్రి తాతల పేర్లు, నివాసం తన లిపిలో తానే వ్రాసి సంతకం చేస్తాడు. మెదకు పేరుతో వెదికించగా మా ముత్తాత చేతివ్రాత దొరికినది. కడపటి పంక్తిలో ‘నివాసం మెదకు, పూర్వం కోరంగి’ అని ఉన్నది. నేను ఆశ్చర్యపోయి చూస్తూండగానే పండా గారు లోపలికి వెళ్లి కోరంగి వహీ తెచ్చారు.

అందులో ముత్తాత తండ్రి సంతకమున్నది. తారణ నామ సంవత్సరమని తేదీ. తారణ అరువదేండ్లకొకసారి వస్తుంది. తరాలు లెక్కకట్టి చూస్తే అది 1884 అయి ఉండాలి. వృత్తి అన్నచోట స్పష్టంగా ‘ఓడ సరంగు’ అని వ్రాసుకున్నాడు. దిగువన, తండ్రికి పిండం పెట్టిన తరువాత మరి అయిదుగురికి పెట్టినట్లున్నది. ఆ పేర్లకు ఇంటిపేర్లు లేవు, గోత్రాలు లేవు. ‘సముద్రమున పోయినవారు’ అని మాత్రం ఉన్నది.

సరంగు అంటే సంగీతంతో సంబంధం లేదు. సేనానాయకుడనే అర్థమున్న ‘సర్‌హంగ్’ అనే పారశీక పదం నుండి వచ్చిన మాట. ఓడలో కళాసీలందరికీ పెద్ద సరంగు. అతని క్రింద టండేలు, చుక్కాని పట్టేవాడు ఉంటారు. ఊరూరా తిరిగి మనుషులను పనికి కుదిర్చేది అతడే. ‘నీ కొడుకును నాకు అప్పగించు, తిరిగి తెచ్చి నీ వాకిట నిలుపుతాను’ అని తల్లులకు మాట ఇచ్చేది కూడా అతడే.

ఇక కోరంగి మాట. గౌతమీ గోదావరి ముఖాన, యానానికి సమీపాన ఉన్న ఈ రేవు ఒకప్పుడు ఓడలు కట్టడానికి, బాగుచేయడానికి పేరుపొందినది. అక్కడి తెలుగువారు బంగాళాఖాతం దాటి రంగూను, మౌల్మేను రేవులకు పోయి వస్తూండేవారు. ఆ కారణం చేతనే బర్మాలో తెలుగువానిని కోరంగీ అని పిలిచేవారు. 1789లో, మళ్లీ 1839లో తుపాను ఉప్పెనలు ఆ ఊరిని ముంచివేశాయి. పాయ మేట వేయగా వ్యాపారం క్రమంగా కాకినాడకు తరలిపోయినది. మనవాడు సరంగుగా ఉన్న నాటికి కోరంగి వైభవం సన్నగిల్లుతున్నది.

ఈ సంగతులు మోసుకొని ఇంటికి వచ్చి, ఎనుబది ఏండ్లు దాటిన మా మేనత్తకు చెప్పాను. ఆమెకేమీ వింత తోచలేదు.

“తెల్వకేం బిడ్డా. మా నాయనమ్మ చెప్పింది. సముద్రం మీద తిరిగినోని ఇంటికి పిల్లనెవరిస్తరు? మన పిల్లలనెవరు చేసుకుంటరు? అందుకే సారంగీ అన్నరు. నవాబు ఇచ్చిన ఇల్లంటే ఇగ అడిగేటోడెవడు? ఆ సారంగీ పేరు మీదనే నలుగురు ఆడపిల్లల పెండ్లిళ్లయినయి.”

“మరి నాన్నగారికి ఎందుకు చెప్పలేదు, అత్తమ్మా?”

“గంత మురిసి గోడకు తగిలించిండు. ఎట్ల చెప్పమంటవు?”

కొంతసేపటికి ఆమె మళ్లీ అన్నది: “ఓడ మునిగితే ఆయన ఒక్కడే ఒడ్డుకు పడ్డడట. పోయిన పోరగాండ్ల తల్లులకు మొకం చూపలేక ఊరిడిసిండట. నీళ్లు కనబడని చోటికి పోదామని నడిచి నడిచి ఇక్కడిదాకా వచ్చిండట.”

బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో చేర్చినది. ఆ సూత్రం చదివినవారు మెదకులో కొద్దిమందే ఉండవచ్చు. దాని భయం మాత్రం అందరికీ ఉండేది. అదే తెలుగునాట కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలాత్కారంగా లాగుకొనేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. ఓరుగల్లులో ఉన్న రాజుకు నావికుని కష్టం తెలిసినది. ఆరువందల ఏండ్ల తరువాత మా ఇంటివారు నావికుని పేరు చెప్పుకొనడానికి సిగ్గుపడవలసివచ్చినది.

మన పూర్వికులను వెదకదలచిన వారికి దారులు లేకపోలేదు. మారిషస్‌లో మోకా అనే ఊరి మహాత్మాగాంధీ సంస్థలో, ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారి పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుండి డర్బను రేవు చేరిన ‘ట్రూరో’ మొదలుకొని, నేటాలుకు కూలీలను తీసుకుపోయిన ఓడల పట్టీలు నిలిచి ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు సైతం వాటిలో వ్రాశారు. ఆ పట్టీలు పట్టుకొని తాతల ఊళ్లు వెదుక్కునే దక్షిణాఫ్రికా తెలుగువారున్నారు. ఇక్కడ ఉండిపోయిన మనకు ఇనాము కాగితాలు, తీర్థాలలోని వహీలు, ఇంటిపేర్లు, పిలుపుపేర్లు ఆధారాలు. పాత పెట్టె అడుగున ఉన్న కాగితాన్ని చెదలకు విడువకండి. ఇంటి ముసలమ్మను ముందుగా అడగండి. నేను గయదాకా పోయి తెలుసుకున్నది మా వంటింటిలోనే ఉన్నది.

మరొక మాట. ఇంటి కథ అబద్ధమని తేలగానే దానిని పారవేయరాదు. ఏ భయం చేత, ఎవరి మేలు కోరి అలా చెప్పారని అడగాలి. మా సారంగీ కథలో నలుగురు ఆడపిల్లల పెండ్లిళ్లున్నాయి. అందుకే ఆ సారంగీ నడవలో తన మేకుకే ఉన్నది.

కొత్త కథలు కట్టకుండా ఉండడం కూడా అంత సులభం కాదు. మా ఊరి పెద్ద చర్చిని 1914 నుండి పది సంవత్సరాలు కట్టారు. మోకులతో బరువులెత్తడం తెలిసిన మా సరంగు ఆ గోపురానికి రాళ్లు ఎక్కించి ఉంటాడని చెప్పుకొనాలని నాకెంతో మనసైనది. లెక్క చూస్తే అప్పటికి ఆయనకు అరువదేండ్ల ప్రాయం. ఆధారం ఒక్కటీ లేదు. కనుక ఆ కథను మా పిల్లలకు చెప్పలేదు.

ఆ అయిదు పేర్లు మాత్రం చెప్పాను. మహాలయ పక్షంలో నాన్నగారికి తర్పణం విడవడానికి మంజీర ఒడ్డుకు వెళ్లినప్పుడు, మేనత్త వాటిని కాగితం మీద వ్రాసి ఇమ్మన్నది. ఒక్కొక్క పేరు నేను చదివాను, ఒక్కొక్క దోసిలి నీరు విడిచాను. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి కోరంగి వైపే పోతుంది.