బూట్ కాని డిస్కు, అందులోని ఫైళ్ళు
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కంప్యూటర్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్. మిగతాదంతా సర్వీసులో ఉండగా చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. బూట్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది పాలిష్ పెట్టిన డ్రిల్ బూటు. కంప్యూటర్లో బూట్ కావడమంటే, ఆన్ చేయగానే అది తనంతట తాను లేచి డ్యూటీకి నిలబడటం.

పోయిన వానాకాలంలో మన హవల్దారు ఒకాయన భార్య, నాకు చెల్లెలి వరస, ఫోన్ చేసింది. ఆయన పోయి రెండేళ్ళు. "అన్నయ్యా, ఆయన కంప్యూటర్ లేవడం లేదు. షాపతను ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తానంటున్నాడు. వెయ్యమనేదా?" అంది. అందులో పెన్షన్ కాగితాల స్కాన్లు, పిల్లల ఫోటోలు, పాప మొదటి పుట్టినరోజు వీడియో ఉన్నాయి. ఆయన గొంతు మిగిలింది ఆ వీడియోలోనేనట. "వద్దమ్మా, స్విచ్ ఆపెయ్, నేనొస్తున్నా" అన్నాను.

కోత్ తాళంచెవి పోయిందని కోత్‌నే పేల్చేస్తామా? ఇదీ అంతే. విండోస్ లేవకపోతే లోపలి ఫైళ్ళు పోయినట్టు కాదు. పోయేది ఎప్పుడంటే, వాటి మీద కొత్తది రాసినప్పుడు.

వెళ్ళి బయోస్‌లో చూశాను. డిస్కు పేరు కనబడింది. అంటే ప్రాణం ఉంది. చెవి దగ్గర పెట్టి విన్నాను, టక్ టక్‌మని కొట్టుకోవడం లేదు. అలా కొట్టుకుంటే మాత్రం ఇంకోసారి ఆన్ చేయకండి. దాన్ని విప్పే పని మెయిన్‌లాండ్‌లో దుమ్ము లేని గది ఉన్న ల్యాబ్ వాళ్ళది, మనది కాదు. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని కొందరు చెబుతారు. మన దీవుల చెమ్మకి బయటికి తీయగానే నీళ్ళు పట్టి ఉన్నదీ పోతుంది.

డిస్కు ఊడదీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. డెస్క్‌టాప్ డిస్కుకి కరెంటు అడాప్టర్ కూడా వేరే కావాలి, మరిచిపోకండి. విండోస్ వెంటనే "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగింది. ఇక్కడే చాలామంది కంగారులో ఎస్ నొక్కేస్తారు. నేను కేన్సిల్ చేసి, ల్యాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ మీది ఉబుంటుతో లేపాను. ఉచితంగా దొరికే లినక్స్ అది, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఇలాంటివి ఇక్కడే దింపుకోగలుగుతున్నాం. శాటిలైట్ రోజుల్లో అయితే ఓడలో వచ్చేవాళ్ళని సీడీ తెమ్మని బతిమాలుకునేవాణ్ణి.

ఫోల్డర్లు కనబడ్డాయి గానీ తెరవబోతే నత్తనడక. అలసిపోయిన డిస్కు. అలాంటిదాని మీద చెక్‌డిస్క్ నడపకూడదు, రిపేరు పేరుతో ఉన్న ఊపిరి తీస్తుంది. 500 జీబీ డిస్కుకి 1 టీబీ కొత్త డిస్కు పక్కన పెట్టి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం నకలు మొదలెట్టాను. అది సులువుగా వచ్చే భాగాలు ముందు తీసుకుని, మొండికేసిన వాటి దగ్గరికి తర్వాత వస్తుంది. ఎంతవరకు వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. అర్ధరాత్రి కరెంటు పోయింది. మన ఊరి సంగతి తెలిసిందేగా! తెల్లారి అదే కమాండ్ ఇస్తే ఆగిన చోటి నుంచే అందుకుంది.

రెండో రోజు సాయంత్రానికి అయింది. ఆ తర్వాత పాత డిస్కుని ముట్టుకోలేదు, పనంతా నకలు మీదే. పెన్షన్ కాగితాలు పేర్లతో సహా వచ్చాయి. దెబ్బతిన్న ఫోల్డర్ల ఫోటోలను ఫోటోరెక్ ఏరిపెట్టింది. అదీ ఉచితమే, కానీ ఫైళ్ళ పేర్లు పోతాయి. వందల ఫోటోలు అంకెల పేర్లతో వచ్చాయి. చెల్లెమ్మ, పాప కూర్చుని వారం రోజులు సర్దుకున్నారు. పుట్టినరోజు వీడియో నలభై సెకన్లు నడిచి ఆగిపోతుంది. ఆ నలభై సెకన్లలోనే ఆయన పాపని పేరుపెట్టి పిలుస్తాడు. ఎంత ప్రయత్నించినా తర్వాతిది రాలేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లున్న వాళ్ళకి రెండు మాటలు. ఎస్‌ఎస్‌డీలో చెరిపేసిన ఫైలు ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల మామూలుగా తిరిగి రాదు. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా నేనే కాదు, ఎవరూ తెరవలేరు. ఇవాళే ఆ అంకెలు కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి చూపించండి. 2004 డిసెంబర్ 26న కార్ నికోబార్‌లో క్వార్టర్లే కొట్టుకుపోయాయి కాబట్టి, ముఖ్యమైన వాటి నకలు ఒకటి విశాఖలోనో విజయవాడలోనో అన్నదమ్ముల దగ్గర ఉంచండి.

ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను, డిస్కు తెస్తే చూస్తాను, డబ్బులేమీ వద్దు. కానీ ఆఫీసు డిస్కు మాత్రం నా గుమ్మం ఎక్కించకండి. అది యూనిట్ దాటి రాకూడదని మీకు నేను చెప్పాలా!

సెలవు. జై హింద్.