గ్యాస్ బండ ఎవరిది?

మీ వంటింట్లో పొయ్యి పక్కన నిలబడి ఉన్న ఎర్ర బండ మీ సొత్తు కాదు. కనెక్షన్ తీసుకున్న రోజున మీరు కట్టింది దాని ఖరీదు కాదు, డిపాజిట్. బండా, దాని తలకు తగిలించే రెగ్యులేటరూ రెండూ కంపెనీవే. ఇండేన్ అయితే ఇండియన్ ఆయిల్‌ది, భారత్ గ్యాస్ అయితే భారత్ పెట్రోలియంది, హెచ్‌పీ గ్యాస్ అయితే హిందుస్థాన్ పెట్రోలియంది. లోపలి గ్యాసు మీది. పొయ్యి, పైపు మీవి. వీటన్నిటికంటే ముఖ్యంగా, డిపాజిట్ కట్టినప్పుడు ఇచ్చిన కాగితం మీది. దాన్ని సబ్‌స్క్రిప్షన్ వోచర్ అంటారు, ఏజెన్సీలో ఎస్‌వీ అంటే చాలు తెలుస్తుంది. అది ఎక్కడుందని ఇవాళ మంగళగిరిలో ఏ ఇంట్లో అడిగినా, బీరువాలో ఉండాలండీ అంటారే తప్ప, తీసి చూపించేవాళ్ళు తక్కువ.

ఏజెన్సీ బండ ఆలస్యం చేస్తే మార్చుకోవచ్చా, కంపెనీ మారితే డిపాజిట్ పోతుందా, ఈ గొడవంతా లేకుండా సొంత బండ ఒకటి కొనుక్కుంటే సరిపోదా అని చాలామంది అడుగుతుంటారు. సొంతం సంగతి ముందు చెబుతాను. మిగిలినవాటికి జవాబు అందులోంచే వస్తుంది.

బండలో గ్యాసు గ్యాసులా ఉండదు, ఒత్తిడికి ద్రవమై ఉంటుంది. ప్రోపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల కలగలుపు అది. ఇళ్ళకిచ్చే బండ లోపలి చోటు 33.3 లీటర్లు, అందులో పట్టించేది 14.2 కిలోలు. నిండా నింపరు. ఎండకి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి పైన కాస్త ఖాళీ ఉంచుతారు. రోహిణి కార్తెలో మన కృష్ణా తీరపు ఎండలు మీకు తెలియనివి కావు. ఆ ఒత్తిడిని తట్టుకునే ఉక్కు సంవత్సరాల తరబడి అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. తుప్పు పడుతుంది, లారీల మీద దొర్లుతుంది, మెట్ల మీద దెబ్బలు తింటుంది. అందుకే కొత్త బండను పదేళ్ళకు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి పరీక్ష చేసి తీరాలి. ఆ పరీక్ష ఇంట్లో చేసేది కాదు, మన ఊరి వెల్డింగు షాపులో చేసేదీ కాదు. బండ మీది కాకపోవడం వల్ల మీకు ఒరిగిన మేలు ఇదే. ఖాళీ బండ మీ గుమ్మం దాటి ప్లాంటుకు వెళుతుంది, అక్కడ చూసి, నింపి, సీలు వేసి ఇంకొకరి ఇంటికి పంపుతారు. మీకు వచ్చేది మీరిచ్చిన బండ కాదు. తనిఖీ బాధ్యత కంపెనీ నెత్తిన ఉంటుంది.

అయితే ఆ బాధ్యత వాళ్ళు నెరవేర్చారో లేదో చూసే హక్కు మీకుంది, చూడటం కూడా వచ్చి ఉండాలి. ఈసారి బండ వచ్చినప్పుడు కుర్రాణ్ణి ఒక్క నిమిషం ఆపండి. పైన చెయ్యి పెట్టి ఎత్తే గుండ్రటి పిడి కింద దాన్ని మోస్తూ నిలువు పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు రాసి ఉంటాయి. అక్షరం ఏ అయితే జనవరి నుంచి మార్చి, బీ అయితే ఏప్రిల్ నుంచి జూన్, సీ అయితే జులై నుంచి సెప్టెంబరు, డీ అయితే అక్టోబరు నుంచి డిసెంబరు. సీ పక్కన 29 ఉంటే 2029 సెప్టెంబరు దాటేలోగా ఆ బండ మళ్ళీ పరీక్షకు వెళ్ళాలన్నమాట. ఆ గడువు దాటిపోయిన బండ వస్తే తీసుకోకండి, వెనక్కి పంపండి. గొడవ పడక్కర్లేదు, మార్చి ఇవ్వడం వాళ్ళ పని. అక్కడే ఖాళీ బండ బరువు కూడా ఉంటుంది. 15.8 అని ఉంటే, నిండు బండ సరిగ్గా 30 కిలోలు తూగాలి. తూకం కాటా కుర్రాడి దగ్గర ఉండాలి, అడిగితే తూచి చూపించాలి. సీలు తీశాక వాల్వు నోట్లో నాలుగు చుక్కల నీళ్ళు పోయించండి. బుడగలు వచ్చాయంటే లోపలి రబ్బరు వాషరు పోయిందని అర్థం, ఆ బండా వద్దు. ఇంటికి తెచ్చినందుకు అయ్యే ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది, పైన ఇవ్వాల్సింది ఏమీ లేదు.

అమెరికాలో ఊరికి దూరంగా ఇల్లు తీసుకున్న మన పిల్లల్ని అడిగితే ఇంకో పద్ధతి చెబుతారు. అక్కడ బండ ఇంటికి రాదు. పెరట్లో పెద్ద టాంకు పాతి గానీ నిలబెట్టి గానీ ఉంటుంది, లారీ వచ్చి నింపి వెళుతుంది. టాంకు గ్యాసు కంపెనీ అద్దెకిచ్చినదైతే ఆ కంపెనీ తప్ప మరొకరు అందులో పోయరు. ధర నచ్చకపోయినా మారడం కష్టం, మారాలంటే టాంకునే పెరికించాలి. టాంకు సొంతమైతే ఎవరి ధర తక్కువుంటే వాళ్ళని పిలవవచ్చు, కానీ దాని తుప్పు, రెగ్యులేటరు, తనిఖీ అన్నీ ఇంటివాళ్ళ మెడకే చుట్టుకుంటాయి. స్వేచ్ఛ కావాలంటే బాధ్యత మోయాలి, బాధ్యత వద్దంటే ఒకరి దగ్గరే కట్టుబడి ఉండాలి. మన దగ్గర బేరం రెండో రకం. ఇరుకు వీధుల్లో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలో ఇదే మనకు క్షేమమని నా గట్టి నమ్మకం.

సొంత బండ మన దగ్గర అసలే లేదని కాదు. డిపాజిట్ కాకుండా వెల కట్టి కొనుక్కునే 5 కిలోల చిన్న బండలు ఆయిల్ కంపెనీలే అమ్ముతాయి. ఇండేన్ వాళ్ళు దానికి ఛోటూ అని పేరు పెట్టారు. చిరునామా రుజువు అడగరు. ఎయిమ్స్‌లో చదువుకునే పిల్లలకు, నీరుకొండ, వడ్డేశ్వరం కాలేజీల దగ్గర గదులు తీసుకున్నవాళ్ళకు, రాజధాని పనులకు వచ్చిన కూలీలకు అది బాగా పనికొస్తుంది. అయిపోతే ఏజెన్సీలోనో, అమ్మే బంకులోనో ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవచ్చు. నేను భయపడేది దాని గురించి కాదు. ఏ కంపెనీ ముద్రా లేని చిన్న బండలు బజార్లో దొరుకుతాయి, వాటిలోకి ఇంటి బండను తలకిందులు చేసి గ్యాసు దించి అమ్ముతారు. అది చట్టవిరుద్ధం. చట్టం మాట అటుంచినా, ఆ బండకు పరీక్ష తేదీ ఉండదు, ఎంత పట్టించారో లెక్క ఉండదు. మీ అబ్బాయి గదిలో అలాంటిది కనిపిస్తే ఆ రోజే బయట పెట్టించండి.

ఇక మార్పు సంగతి. కంపెనీ అదే ఉండి ఏజెన్సీ మాత్రం మార్చుకోవడం తేలిక. ఈ వెసులుబాటు 2013 అక్టోబరులో కొన్ని నగరాల్లో మొదలుపెట్టి, 2014 జనవరిలో 480 జిల్లాలకు విస్తరించారు. కంపెనీ వెబ్‌సైటులోనో, ఫోన్ యాప్‌లోనో మీ ప్రాంతానికి బండలిచ్చే ఏజెన్సీల పేర్లు వస్తాయి, కావలసినది ఎంచుకోవచ్చు. బండ, రెగ్యులేటరు, డిపాజిట్ ఏవీ కదలవు. కంపెనీయే మారాలంటే వేరే దారి. బండలూ రెగ్యులేటరూ పాత ఏజెన్సీకి అప్పగించి, టెర్మినేషన్ వోచరు తీసుకుని, డిపాజిట్ వెనక్కి పుచ్చుకుని, కొత్త కంపెనీలో మళ్ళీ చేరాలి. ఒక కంపెనీ బండ ఇంకో కంపెనీ నింపకూడదన్న నియమం వల్లే ఈ తిప్పలు. కంపెనీల మధ్య కూడా సులువుగా మారే ఏర్పాటు గురించి పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి 2025 సెప్టెంబరులో జనం అభిప్రాయాలు అడిగింది.

ఇక్కడ డబ్బు లెక్క జాగ్రత్తగా వినండి. వెనక్కి వచ్చేది మీ ఎస్‌వీ మీద రాసి ఉన్న మొత్తమే. ఇరవై ముప్పై ఏళ్ళ కిందట వందల్లో కట్టి ఉంటే ఆ వందలే వస్తాయి, వడ్డీ రాదు. కొత్తగా చేరేచోట మాత్రం ఇవాళ్టి రేటు. 2022 జూన్ 16 నుంచి 14.2 కిలోల బండ డిపాజిట్ 1450 రూపాయల నుంచి 2200కి, రెగ్యులేటరుది 150 నుంచి 250కి పెరిగాయి. రెండు బండల ఇల్లు అయితే తేడా ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఏజెన్సీ కుర్రాడి మీద కోపంతో కంపెనీ మారిపోయే ముందు అదే కంపెనీలో ఇంకో ఏజెన్సీ ఉందేమో చూడటం మంచిది. దీపం పథకంలో 1999 తర్వాత మన డ్వాక్రా అక్కచెల్లెళ్ళకు వచ్చిన కనెక్షన్లకు, 2016 నుంచి ఉజ్వలలో వచ్చినవాటికి డిపాజిట్ కట్టింది ప్రభుత్వం. వాటిని అప్పగిస్తే ఆ డబ్బు మీ చేతికి వస్తుందనుకోవద్దు. ఊక పొయ్యి, పుల్లల పొయ్యి పొగలో కళ్ళు నలుపుకున్న తరానికి ఆ కనెక్షన్ ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు, దాన్ని తొందరపడి వదులుకోకండి.

కనెక్షన్ పుస్తకంలో చిరునామా కూడా సరిగ్గా ఉండాలి. గ్యాసు ప్రమాదం జరిగితే ఆయిల్ కంపెనీలు తీసుకున్న బీమా ఉంటుంది, దానికి మీరు ప్రీమియం కట్టక్కర్లేదు. ఆస్తి నష్టం మాత్రం నమోదైన చిరునామాలో జరిగితేనే వర్తిస్తుంది. పాత మంగళగిరిలో కనెక్షన్, కాపురం తాడేపల్లి అపార్టుమెంటులో అయితే ఇల్లు మారిన వారంలోనే ఏజెన్సీకి చెప్పండి. ఇంటి పెద్ద పోయినా ఆయన పేరుమీదే ఏళ్ళ తరబడి నడిపిస్తున్నవాళ్ళు పేరు మార్పించుకోండి.

బండ కంపెనీదే అయినా దాన్ని ఉంచే చోటు మీది. మగ్గాలున్న మన మంగళగిరిలో దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ గ్యాసు గాలికంటే బరువు. ప్రోపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైన గ్యాసు పైకి పోదు, నీళ్ళలా పల్లం వెతుక్కుంటూ నేల మీద పాకుతుంది. చేనేత ఇంట్లో పల్లం ఎక్కడుంది? ముందు గదిలో మగ్గం గుంట. నేసేవారు గట్టు మీద కూర్చుని, కాళ్ళు ఆ గుంటలో పెట్టి తొక్కుతూ రోజంతా ఉంటారు. పక్క గదిలో పొయ్యి దగ్గర కారిన గ్యాసు గడప దాటి వచ్చి చేరేది అక్కడికే, నిలిచిపోయేదీ అక్కడే. కిటికీలు తెరిచినా గుంటలోది త్వరగా పోదు. గుంట పైన వేలాడే బల్బు స్విచ్చు ఒక్కటి చాలు. గాలిలో నూటికి రెండు వంతులు ఈ గ్యాసు కలిస్తే నిప్పు అంటుకుంటుంది. ఒక్క లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల గ్యాసవుతుంది. ఓ చిన్న గది మొత్తాన్ని ఆ స్థితికి తేవడానికి అది సరిపోతుంది.

అందుచేత మగ్గం ఉన్న ఇళ్ళలో బండను మగ్గం గదిలో పెట్టనే పెట్టకండి. వంటగది వేరుగా లేకపోతే పెరటివైపు గోడ దగ్గర, గాలి ఆడేచోట పెట్టండి. బండ నిలువుగానే ఉండాలి. పొయ్యి గట్టు మీద, బండ కింద ఉండాలి. పైపు లోపల తీగ అల్లిన సురక్షా పైపే వాడండి, అయిదేళ్ళకు మార్చండి. పైపు నీటుగా కనబడాలని గుడ్డ చుట్టే అలవాటు ఉంది, ఆ గుడ్డ కింద పగుళ్ళు కనబడవు. రాత్రి పడుకునే ముందు, ఊరెళ్ళేముందు రెగ్యులేటరు కట్టేయండి.

గ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. మీకు తెలిసే ఆ కుళ్ళు వాసన మెర్‌కాప్టాన్ అనే పదార్థానిది, లీకైతే తెలియాలని కావాలని కలుపుతారు. గ్యాసు కిందే ఉంటుంది గనుక నిలబడి ఉన్న మీకు ఆ వాసన అంతగా తెలియకముందే, మగ్గం మీద కూర్చున్న మనిషికి తెలియవచ్చు. ఆయన వాసన వస్తోందని అంటే కొట్టిపారేయకండి. వాసన వచ్చిన వెంటనే స్విచ్చులు వెయ్యకండి, వేసి ఉన్నవి ఆపకండి కూడా. దీపం, అగరొత్తి దూరంగా ఉన్నాయనుకున్నా ఆర్పేయండి. రెగ్యులేటరు కట్టేసి, తీసేసి, దారంతో వేలాడే మూత బండ నోటికి గట్టిగా బిగించండి. తలుపులన్నీ బార్లా తెరవండి. ఫ్యాను వెయ్యకండి. మనుషులందరూ బయటికి వచ్చాక, వీధిలో నిలబడి 1906కి ఫోన్ చెయ్యండి. అది ఇరవైనాలుగు గంటలూ పనిచేసే గ్యాసు లీకు నంబరు, మూడు కంపెనీలకూ ఒకటే. వాసన పూర్తిగా పోయేదాకా మగ్గం గుంటలోకి ఎవరూ దిగవద్దు. ఎవరికైనా కాలితే పేస్టు, సిరా, పసుపు ఏదీ పుయ్యకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ ధార కింద పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మెకానిక్ వచ్చి చూసి, పర్వాలేదని చెప్పేదాకా ఆ రెగ్యులేటరు మళ్ళీ బండకు తగిలించకండి.