సీలు వేసిన కవరు ఎదుట “నీటి జ్ఞాపకం”
(ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి, మందుల కొరత గురించి మనం ఎన్నో తీర్మానాలు చేశాము. మన ఇళ్లలో విరివిగా వాడుకలో నున్న హోమియోపతి గురించి కూడా శాస్త్రీయ దృష్టితో ఆలోచించవలసి యున్నది.

1796లో జర్మన్ వైద్యుడు హానిమన్ ప్రతిపాదించిన ఈ విధానంలో మందును నూటికి ఒక వంతు చొప్పున పదేపదే పలుచన చేసి, ప్రతిసారి కుదుపుతారు. 12 సార్లు దాటేసరికి మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగులుట దుర్లభం. సీసాపై 30సి అని యున్నచో 30 సార్లు పలుచన చేశారని అర్థం. మరి పనిచేయునదేమిటి? మందును నీరు “జ్ఞాపకం” ఉంచుకొనునని కొందరి వాదన. కాని నీటి అణువుల మధ్య బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలోనే మారిపోతూ ఉంటాయి.

1988 జూన్‌లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ బెన్‌వెనిస్త్ బృందం ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినది. అణువు మిగలనంత పలుచన చేసిన ద్రావణానికి కూడా రక్తకణాలు స్పందించినవని దాని సారాంశం. తనిఖీకి అంగీకరించాలన్న షరతుపైనే సంపాదకుడు జాన్ మాడాక్స్ దానిని అచ్చువేశారు. జూలైలో ఆయన, వాల్టర్ స్టూవర్ట్, ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ పారిస్ సమీపాన గల ఆ ప్రయోగశాలకు వెళ్లారు. ఏ గొట్టంలో ఏమున్నదో తెలిపే సంకేతాన్ని కవరులో ఉంచి, సీలు వేసి, గది పైకప్పుకు అంటించారు. ఏది ఏదో తెలియకుండా కణాలను లెక్కించగా ఆ ప్రభావం కానరాలేదు. వ్యాసకర్తలలో ఇద్దరి జీతాలు ఒక హోమియో మందుల కంపెనీ నుండి వచ్చుచున్నవని కూడా తేలినది. అయితే తీర్పు చెప్పినది ఆ జీతాలు కాదు, ఆ సీలు వేసిన కవరు.

ఇన్సూర్డ్ పార్సెలుకు సీలు ఎందుకో తపాలా సోదరులకు, సింగిల్ లైనుపై టోకెను ఎందుకో రైల్వే సోదరులకు మేము చెప్పనక్కరలేదు. అది మనిషి నిజాయితీని శంకించుట కాదు. ఎంత నిజాయితీపరుడైనా తాను ఆశించినదే చూసే ప్రమాదం కలదు.

2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 176 పరిశోధనలను పరిశీలించినది. హోమియోపతి పనిచేయుననుటకు నమ్మదగిన ఆధారం గల వ్యాధి ఒక్కటీ లేదని ప్రకటించినది.

ఆ మాత్రలు వాడుతున్న సోదర సోదరీమణులను మేము చులకన చేయడం లేదు. ఓపికగా వినే వైద్యుడు, భరించగల ఖర్చు ఎక్కడ దొరికితే కార్మికుడు అక్కడికి వెళతాడు. ఆ ఓపిక, ఆ అందుబాటు మన ఆసుపత్రులలోనే లభించాలి. క్షయకు, మధుమేహానికి, రక్తపోటుకు డాక్టరు ఇచ్చిన మందులను ఎవరి మాట విని మానవద్దు. ప్రతి డిస్పెన్సరీలో తగినంత మంది వైద్యులు, పరీక్షకు నిలిచిన మందులు — ఇదే మన డిమాండు. దీనికై ప్రతి బ్రాంచి తీర్మానం చేసి పంపవలసినదిగా కోరుచున్నాము.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!