విజయపత్రి - వైద్యమున దాని స్థానము



గంజాయిని గూర్చి గ్రంథాలయ సభలో ప్రసంగమా యని కొందరు నవ్వుకొనుచున్నారు. ఆ బీరువాలోని వైద్యగ్రంథములను విప్పినచో దానికే 'విజయ', 'భంగ' యను పేరులు కనబడును. కనుక మాటాడక తప్పదు.

శార్ఙ్గధరుడు దీనిని 'వ్యవాయి' ద్రవ్యమునకు ఉదాహరణముగా చెప్పెను. అనగా జీర్ణము కాకమునుపే దేహమెల్ల వ్యాపించి, పిమ్మట పాకము నొందునది. 16వ శతాబ్దిలో భావమిశ్రుడు కఫహరము, గ్రాహి, పాచకము అని మెచ్చుకొని, ఆ శ్లోకముననే పిత్తమును, మోహమును, మదమును పెంచునని కూడ చెప్పెను. మనవారు మొదటి సగమే జ్ఞాపకముంచుకొందురు!

గ్రహణికి వాడు జాతీఫలాది చూర్ణమును చూడుడు. జాజికాయ, లవంగము, ఏలకులు, శొంఠి మున్నగునవి యన్నియు కలిపి యెంతయో భంగ యంత; భంగతో కూడ నవి యన్నియు నెంతయో చక్కెర యంత. అయితే ఆకును పచ్చిగా వాడరు. నీటిలో పలుమారులు కడిగి, ఎండబెట్టి, ఆవునేతిలో దోరగా వేయింతురు. దీనినే శోధన యందురు.

నా చిన్నతనమున మా వీధిలో విరేచనములగుచున్న పసివానికి ఎవరో పచ్చియాకు నూరి పట్టిరి. రెండు దినములు వాడు కన్ను తెరవలేదు. బ్రతికెను, కాని ఆ తల్లి కూర్చున్న అరుగు నాకిప్పటికిని కనబడుచునేయున్నది.

1985 నాటి చట్టము ననుసరించి అనుమతి లేక ఈ మొక్కను పెంచుట, పూతకొనల నమ్ముట, దగ్గర నుంచుకొనుట నేరము. ఔషధ నియమములలో భంగ విషద్రవ్యముల పట్టికయందున్నది. అందుచేతనే దానితో చేసిన మందు సీసాపై, వైద్యుని పర్యవేక్షణలోనే సేవింపవలెనని ఇంగ్లీషున, హిందీలో ముద్రింతురు. ఆ భాషలు రానివారికి మన గ్రంథపాలకుడు చదివిపెట్టును.