బియ్యం డబ్బాలో మాత్రలు

(కలిదిండిలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మండలంలో నేను కలిసిన ఒక యువతికి పదిహేనో ఏట నుంచి ఫిట్స్. "అత్తారింట్లో తెలియకూడదని మా అమ్మ మాత్రలు బియ్యం డబ్బాలో పెట్టి పంపిందండి" అని చెప్పింది. నెల తప్పాక, బిడ్డకేమవుతుందోనన్న భయంతో, అడిగే దిక్కులేక మాత్రలు మానేసింది. వారం తిరక్కుండా చేపల చెరువు గట్టున పడిపోయింది. తోటికోడలు చూడబట్టి తను బతికింది. కడుపు నిలవలేదు.

ఆమె భయం ఉత్తది కాదు. ఆమె వాడింది సోడియం వాల్‌ప్రోయేట్. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులకు పుట్టుకతో అవయవ లోపాలుంటాయి. తల్లి గర్భంలో ఈ మందు తగిలిన వారిలో సుమారు 10 మందికి ఉంటాయి. 30 నుంచి 40 మందికి మాటలోనో చదువులోనో ఎదుగుదలలోనో ఇబ్బందులు రావచ్చు. అందుకే 2018లో యూరప్ దేశాలు గర్భం రాగల వయసు స్త్రీలకు ఈ మందు ఇవ్వడంపై గట్టి ఆంక్షలు పెట్టాయి. అయితే ఏ మందైనా ఒక్కసారిగా మానేస్తే వచ్చే ఫిట్స్ తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాంతకం కావచ్చు.

మరి దారేమిటి? లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ వంటి మందులతో ఈ ముప్పు చాలా తక్కువ. కానీ మందు మార్చడమైనా, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడమైనా గర్భానికి ముందే జరగాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము మొదటి నాలుగు వారాల్లోనే రూపు కడతాయి. చాలామంది ఆస్పత్రికి వెళ్ళేసరికే ఆ గడువు దాటిపోతుంది.

ముందే అడగనివ్వనిది పెళ్ళి భయం. 1976లో హిందూ వివాహ చట్టం మూర్ఛను పెళ్ళి రద్దుకు కారణాల్లో చేర్చింది. 1999లో తొలగించింది. చట్టంలోంచి పోయిన మాట పెళ్ళిచూపుల్లోంచి పోలేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోతే ఊరంతా ఆస్పత్రికి పరుగెత్తింది. ఒక్క ఆడపిల్ల పడిపోతే మాత్రం తలుపులు వేస్తాం.

తప్పు మాత్రలు దాచిన తల్లిది కాదు. ఏళ్ళ తరబడి చీటీ రాసినవారు ఒక్కసారైనా ఈ సంగతి చెప్పలేదు. తను మింగే మాత్ర ఏం చేస్తుందో తెలుసుకోవడం ఆమె హక్కు.

తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1998లో మూర్ఛ ఉన్న గర్భిణుల నమోదు మొదలుపెట్టింది. వారిలో అత్యధికులు ఆరోగ్యవంతమైన బిడ్డల్నే కన్నారు. ఈ ధైర్యం మన పిల్లలకు ఇవ్వండి. మందు మానవద్దని, దాని పేరు చదివించుకొమ్మని, పెళ్ళికి ముందే డాక్టర్ని అడగమని చెప్పండి. ఇప్పటికే కడుపుతో ఉంటే వెంటనే ఆమెకు తోడుగా వెళ్ళండి. ఆమె గుట్టు మాత్రం ఆమె ఒప్పుకుంటే తప్ప ఎవరికీ చెప్పకండి.