రామగుండంలో పగలూ రాత్రీ

సింగరేణి బొగ్గు కాల్చి 2,600 మెగావాట్ల కరెంటు తీసే రామగుండం ఎన్టీపీసీ తెలిసిందే. ఆ కేంద్రం జలాశయం మీదే 2022 నాటికి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి. వేరే భూమి అక్కర్లేదు, నీళ్లు ఆవిరవడమూ తగ్గుతుంది. బాగానే ఉంది. కానీ పొద్దుగూకితే పలకలు పనిచేయవు. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు మొదలయ్యేదీ అప్పుడే! ఆ లోటు ఎక్కువగా బొగ్గే పూడుస్తోంది. అందుకే బొగ్గును రేపే ఆపేయమంటే నాకు సబబుగా తోచదు. గోదావరిఖని బొగ్గు గని కార్మికుడి బతుకుతెరువూ చూడాలి కదా.

మరి దారేది? కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో పగటి కరెంటును రాత్రికి దాచే కేంద్రం ఒకటి చేపట్టారు. పగటి కరెంటుతో నీళ్లు పై జలాశయానికి తోడతారు, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇలాంటి కేంద్రాల్లో తోడటానికి పెట్టిన కరెంటులో సుమారు ముప్పావు వంతు తిరిగొస్తుంది.