మనుమరాలి వేసవి సెలవులు – మా అరకు ప్రయాణం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా ఒక విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. పే రివిజన్ మీద, మెడికల్ బిల్లుల మీద నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. వారి జోలికి పోను. 2023 మే నెలలో, ఇంజనీరింగు రెండో సంవత్సరం పరీక్షలు ముగించుకుని సెలవులకు వచ్చిన మా మనుమరాలు మా అందరినీ అరకు తీసుకువెళ్లింది. ఆ సంగతి చెబుతాను. ప్రయాణం మూడు రోజులదే గాని, దాని ఫైలు మాత్రం 33 ఏళ్ల కిందటిది.

ఫైలు అని ఊరికే అనలేదు. మా ఇంట్లో ఒక ఇనుప ట్రంకు పెట్టె ఉంది. అందులో నా సర్వీసు కాగితాలన్నీ ట్యాగులు కట్టి ఉంటాయి. పాత ఫొటోల కోసం ఆ పిల్ల పెట్టె తెరిచి, ఒక కాగితం పట్టుకుని వచ్చింది. "తాతయ్యా, అరకు, బొర్రా గుహలు అని రాసి ఉంది. మీరెప్పుడు వెళ్లారు?" అంది. అది 1990లో నేను పెట్టుకున్న ఎల్.టి.సి. దరఖాస్తు నకలు. నేను కళ్లజోడు వెతుక్కుంటూ ఉండగానే పక్క గదిలోంచి మా అబ్బాయి, "వెళ్లలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటే. పేపరు చదువుతున్న మనిషి తల కూడా ఎత్తలేదు.

ఆ రోజుల్లో నేను పశ్చిమ గోదావరిలో ఒక రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాను. మా అబ్బాయి డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తిచేశాడు. బొర్రా గుహల గురించి ఎక్కడో చదివి, చూడాలని సంవత్సరమంతా పోరాడు. సరేనని ఎల్.టి.సి.కి పెట్టాను. సెలవు మంజూరైంది, అడ్వాన్సు చేతికి వచ్చింది, మే 12న ప్రయాణం. మా ఆవిడ డబ్బా నిండా జంతికలు చేసింది. ఇంతలో తుఫాను. మే 9న తీరం దాటింది. అందరి సెలవులూ రద్దు. ఆ తుఫాను ఎలాంటిదో ఇక్కడున్న కోస్తా జిల్లాల వారికి నేను చెప్పనక్కరలేదు. బియ్యం పంపిణీ, కూలిన ఇళ్ల జాబితాలు, ఎగిరిపోయిన పైకప్పుల లెక్కలు. మూడు వారాలపాటు ఇంటికి స్నానానికి వచ్చి పోయేవాణ్ణి. అడ్వాన్సు ఏకమొత్తంగా చలానా కట్టి, రసీదు ఫైలులో పెట్టాను. ఆ విషయంలో నాకు ఇప్పటికీ విచారం లేదు. ఇల్లు పోయినవాడు ఎదురుగా నిలబడి ఉంటే గుహలు చూడటానికి వెళ్లేదెవరు?

కాని అయ్యా, జూలై నాటికి అంతా సర్దుకుంది. బ్లాకు పీరియడు ఇంకా మిగిలే ఉంది. మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చు. పెట్టలేదు. ఆడిట్ అన్నాను, ఎన్నికలన్నాను, అమ్మాయి పెళ్లి అన్నాను, ప్రమోషను వస్తే బదిలీ అవుతుందన్నాను. ఎవరైనా అడిగితే "తుఫానువల్ల కుదరలేదండీ" అనేవాణ్ణి. తుఫాను మూడు వారాలు. నేను చెప్పుకున్నది ముప్పై మూడేళ్లు. ఈలోగా ఎంతమంది ఎల్.టి.సి. బిల్లులు నా బల్ల మీదుగా వెళ్లాయో! టిక్కెట్టు నంబరు లేదని, తేదీ తప్పని, అభ్యంతరాలు రాసి వెనక్కి పంపినవాణ్ణి. ఆ బాధితులు ఈ సభలో ఇద్దరు ముగ్గురున్నారు, నవ్వుతున్నారు కూడా.

సరే, మనుమరాలు పట్టుపట్టింది. "డి.ఆర్. బకాయి రాగానే చూద్దాం" అన్నాను. "అది వచ్చేలోపు నా చదువైపోయి ఉద్యోగం కూడా వస్తుంది తాతయ్యా" అంది. టిక్కెట్లు ఫోనులోనే తీసేసింది. వృద్ధులకు రైల్లో ఉన్న రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, మేము వెళ్లేనాటికీ మళ్లీ ఇవ్వలేదు. మగవారికి 40 శాతం, ఆడవారికి 50 శాతం ఉండేది. అది పోయింది గాని కింది బెర్తుల కోటా ఉంది. టిక్కెట్టు తీసేటప్పుడు మన వయసు సరిగా వేయించుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి అది పెద్ద ఉపకారం.

విశాఖపట్నంలో ఒక రాత్రి ఉండి, తెల్లవారి ఏడు లోపే బయలుదేరే కిరండోల్ పాసింజరు ఎక్కాం. ఈ లైను 1960లలో వేశారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి వేసింది. మన బోటివాళ్లం కొండలు చూడటానికి వేసింది కాదు. కొత్తవలస దాటి, శివలింగపురం నుంచి బండి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఒక పక్క లోయ, ఒక పక్క రాతిగోడ, అంతలో సొరంగం. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా 58 సొరంగాలున్నాయి. అరకు వరకు ఎన్ని వస్తాయో లెక్కపెడదామని మనుమరాలు ఫోనులో, నేను కాగితం మీద గీతలు పెట్టి మొదలుపెట్టాం. చివరికి ఆమె లెక్కకూ నా లెక్కకూ రెండు తేడా వచ్చింది. ట్రెజరీతో లెక్కలు సరిచూసుకునే రోజులు గుర్తొచ్చాయి. ఇప్పటికీ ఎవరి లెక్క ఒప్పో తేలలేదు.

సొరంగంలోకి బండి వెళ్లగానే పెట్టెలోని కుర్రకారంతా కేకలు పెడతారు. అది అక్కడి ఆనవాయితీ. మా మనుమరాలూ అరిచింది. మూడో సొరంగంలోనో నాలుగో సొరంగంలోనో నా పక్కనుంచి ఒక కేక వినిపించింది. వెలుగులోకి వచ్చాక చూస్తే మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. యాభై ఏళ్లు దాటిన కాపురంలో ఆవిడ గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. కోడలు నవ్వు ఆపుకోలేక, "మామయ్యగారూ, మీరు కూడా అరవండి" అంది. నేను అరవలేదు. తర్వాత అరిచి ఉండాల్సిందనిపించింది.

శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని చాలాకాలం చెప్పుకున్నారు. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడిచాక ఆ పేరు అటు పోయింది. అరకులో మే నెలైనా రాత్రి దుప్పటి కావలసివచ్చింది. కాఫీ తోటలు చూశాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. గిరిజన రైతులు పండించే ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు సుగరు కనుక చక్కెర లేకుండా తాగాను. అప్పటికీ బాగుంది.

మర్నాడు కారులో ఘాటు రోడ్డు దిగుతూ బొర్రా గుహల దగ్గర ఆగాం. ద్వారం దగ్గర మెట్లు మొదలవుతాయి. మా ఆవిడ ఆ మెట్ల వంక ఒకసారి, తన మోకాళ్ల వంక ఒకసారి చూసుకుని, పక్కనున్న బల్ల మీద కూర్చుంది. "ఏమండీ, మీరు వెళ్లిరండి. సంచీ నేను చూస్తాను" అంది. అక్కడ కోతులు ఎక్కువ. 1990లో ఆవిడకు నలభై ఏళ్లు కూడా లేవు. బిందెతో నీళ్లు మోసుకుంటూ మేడ మెట్లెక్కేది. నేను ఆగిపోతానంటే ఊరుకోలేదు. కోడలు ఆవిడకు తోడుగా ఉండిపోయింది.

లోపల చాలా పెద్ద సున్నపురాతి గుహ. వేలవేల ఏళ్లుగా చుక్క చుక్కగా కారిన నీటికి పైనుంచి రాతి ఊడలు దిగాయి, కిందనుంచి రాతి స్తంభాలు లేచాయి. ఒక రాయి ఆవు పొదుగులా ఉంటుందని, అందుకే నదికి గోస్తని అని పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. ఆ నదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనుమరాలు ఫొటోలు తీసుకుంటూ ముందుకు వెళ్లిపోయింది. మెట్లు తడిగా ఉన్నాయని మా అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికీ యాభై ఒకటి. తల సగం నెరిసింది. కాసేపు మాట్లాడకుండా పైకి చూస్తూ నిలబడి, "నాన్నా, తుఫానుకి నాకేం కోపం రాలేదు. ఆ వచ్చే ఏడు అడుగుదామని మళ్లీ అనుకున్నాను. మీరు కాగితాలు ముందేసుకుని కూర్చుంటే అడగబుద్ధి కాలేదు" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అన్నాడు. జీవితమంతా ఇతరుల బిల్లుల మీద అభ్యంతరాలు రాసినవాణ్ణి, ఆ ఒక్క అభ్యంతరానికి నా దగ్గర సమాధానం లేదు. "జారుతుంది, చూసి నడువు" అన్నాను. నన్ను పట్టుకుని నడిపిస్తున్నవాడికి నేను చెప్పిన మాట అది.

పైకి వచ్చేసరికి మా ఆవిడ పనసతొనలు అమ్మే గిరిజన స్త్రీతో కష్టసుఖాలు మాట్లాడుతోంది. కోతి ఒకటి కోడలి చేతిలోని అరటిపళ్లు లాక్కుపోయిందట. మనుమరాలు పక్కన కూర్చుని ఫోనులో గుహంతా చూపించింది. ఆవిడ చాలాసేపు చూసి, "చీకటిగా ఉంది గాని బాగుందే" అంది. తర్వాత ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "మీ నాన్న అప్పట్లో చెప్పినట్టే ఉంది" అంది.

ఇంటికి వచ్చాక ఆ దరఖాస్తు నకలు మళ్లీ ట్యాగు కట్టి పెట్టెలో పెట్టబోతే మనుమరాలు ఇవ్వలేదు. తన దగ్గరే ఉంచుకుంది.

ఇంకెక్కడికైనా వెళ్లాలని ఉందా అని మొన్న మా ఆవిడను అడిగాను. శ్రీముఖలింగం అంది. మెట్లు ఎక్కువ ఉండవని ముందే విచారించి పెట్టుకుందట. వంశధార ఒడ్డున ఉంటుంది, ఆమదాలవలసలో రైలు దిగి వెళ్లవచ్చు. మనుమరాలు సెలవులకు వచ్చే రోజులు చూసి ఈసారి టిక్కెట్లు నేనే తీశాను. కింది బెర్తులు రెండూ దొరికాయి. ఆ వారంలో కార్యవర్గ సమావేశం ఉందని కార్యదర్శిగారు ఇందాక చెప్పారు. నేను రాలేనని ఇక్కడే మనవి చేసుకుంటున్నాను.